ఒకే ఇంట్లో ముగ్గురికి గుండెదడ: ఒకరిది జబ్బు, ఒకరిది నాటకం, ఒకరిది గ్యాస్ అంటున్నారు

ఏటిగట్టు (ప్రశ్న)

రాజోలు వైపు ఒక లంక గ్రామంలో హెల్త్ క్లినిక్ చూస్తున్నాను. మనుషుల్ని గుర్తుపట్టే వివరాలు మార్చి రాస్తున్నాను. ఉమ్మడి కుటుంబం, రొయ్యల చెరువులున్నాయి.

పెద్ద కోడలికి 34. దడ మొదలైతే రొప్పుతుంది, మూతి చుట్టూ తిమ్మిరెక్కుతుంది, చేతివేళ్ళు కొంకర్లు పోతాయి. ఇంటిల్లిపాదీ చుట్టూ మూగుతారు. ఫిట్స్ అనుకుని తాళాల గుత్తి చేతిలో పెడతారు, ఉల్లిపాయ వాసన చూపిస్తారు. తర్వాత ఆర్‌ఎంపీ గారొచ్చి సెలైన్ ఎక్కిస్తారు. గంటకి లేచి కూర్చుంటుంది. ఈమెది జబ్బేనని అందరూ నమ్ముతారు.

చిన్న కోడలికి 26, అయిదు నెలల బిడ్డ తల్లి. ఈమెకి పైకి ఏమీ కనపడదు. కూర కలుపుతూ కలుపుతూ ఆగిపోతుంది, గోడకి ఆనుకుంటుంది, పిలిస్తే పలకదు, కాసేపటికి పెరట్లోకి వెళ్ళిపోతుంది. "అంతా కలలో జరుగుతున్నట్టుంటుంది, నా చెయ్యి నాది కానట్టుంటుంది" అని నాతో మాత్రమే చెప్పింది. పుట్టింటికి వెళ్ళాలంటే సఖినేటిపల్లి రేవులో పంటు (గోదావరి దాటించే పెద్ద పడవ) ఎక్కాలి, ఎక్కనంటోంది. అత్తగారి మాట: "పెద్దదాన్ని చూసి ఇదీ నేర్చింది, పని తప్పించుకోడానికి." బాలింతకి గాలి సోకిందని తాయెత్తు కూడా కట్టించారు.

మామగారికి 58, షుగరుంది. రాత్రిళ్ళు చెరువు కాపలా. మూడు వారాలుగా గట్టు మీద నడిస్తే ఛాతీ బరువు, నిలబడితే తగ్గుతోంది. ఈ మధ్య తెల్లవారుజామున కూర్చున్నా వస్తోంది, చెమట పడుతోంది. "కోడళ్ళ గాబరా నీకూ అంటుకుంది" అని ఈనో కలిపి ఇస్తున్నారు.

కోడళ్ళిద్దరివీ పానిక్ ఎటాక్సే (ఉన్నట్టుండి ముంచుకొచ్చే విపరీతమైన భయం) అని నా అనుమానం. ఒకే బాధ ఇద్దరిలో ఇంత వేరుగా ఎందుకుంటుందో అత్తగారికి ఏ మాటల్లో చెప్పాలి? వచ్చినప్పుడు ఇంటివాళ్ళు ఏం చేయాలి?

నైట్‌డ్యూటీ డాక్టర్

ముందు మామగారి సంగతి. నడిస్తే వచ్చి ఆగితే తగ్గే ఛాతీ బరువు గుండె రక్తనాళాలు సన్నబడినప్పుడు వచ్చే నొప్పి. కొత్తగా మొదలై, ఇప్పుడు కూర్చున్నా వస్తోందంటే గుండెపోటుకి దగ్గరలో ఉన్నట్టే అనుకోవాలి. ఈ రోజే ఈసీజీ తీయించండి. మామూలుగా ఉందని ఇంటికి పంపేయవద్దు. ట్రోపోనిన్ పరీక్ష (గుండె కండరం దెబ్బతిందేమో చెప్పే రక్తపరీక్ష) ఒకసారి చేసి, 3 నుంచి 6 గంటల తర్వాత మళ్ళీ చేయాలి. షుగరున్నవాళ్ళకి అసలు నొప్పే లేకుండా చెమట, వికారం, ఆయాసం మాత్రమే రావచ్చు. రాత్రి మళ్ళీ వస్తే 108కి ఫోన్ చేయాలి. బండి మీద ఎక్కించుకుని గట్టు వెంట తీసుకెళ్ళవద్దు.

ఇంకొకటి. గ్లిమెపిరైడ్ లాంటి షుగరు మాత్ర వేసుకుని చెరువు దగ్గర అన్నం మానేస్తే తెల్లవారుజామున షుగరు పడిపోతుంది. అప్పుడూ చెమట, వణుకు, దడే. గ్లూకోమీటర్ దగ్గరుంచి ఆ నిమిషంలోనే చూడాలి. 70 కన్నా తక్కువుంటే మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగించి, 15 నిమిషాలకి మళ్ళీ చూడండి.

నలభై దాటినవాళ్ళకి జీవితంలో మొదటిసారి వచ్చిన దడని పానిక్ అని పిలవకూడదు, గుండెది కాదని తేలాకే ఆ పేరు పెట్టాలి. కోడళ్ళకి కూడా ఒక్కసారి ఈసీజీ, హిమోగ్లోబిన్, షుగరు, టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష) చేయించండి. చిన్నామెకి టీఎస్‌హెచ్ తప్పనిసరి. కాన్పయిన మొదటి ఆరు నెలల్లో కొందరికి థైరాయిడ్ వాచి, హార్మోను ఒక్కసారిగా ఎక్కువై దడ పుడుతుంది. అది పానిక్‌లాగే ఉంటుంది, పానిక్ మందుకి తగ్గదు.

దడ ఉన్నప్పుడు నాడి లెక్కపెట్టడం ఇంట్లో ఒకరికి నేర్పండి. 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణించాలి. స్విచ్ వేసినట్టు మొదలై, 150 దాటి, స్విచ్ తీసినట్టు ఆగిపోతే అది గుండె కరెంటు లోపం కావచ్చు. దడ ఉండగా తీసిన ఈసీజీలోనే అది దొరుకుతుంది.

మనసు_కాకినాడ

డాక్టర్ గారు చెప్పినవి అయ్యాకే నేను రాసేవి పనికొస్తాయి.

పానిక్ ఎటాక్‌కి పుస్తకాల్లో 13 లక్షణాలు రాసుంటాయి. దడ, చెమట, వణుకు, ఊపిరాడకపోవడం, గొంతు పట్టేసినట్టుండటం, ఛాతీ నొప్పి, కడుపులో తిప్పడం, కళ్ళు తిరగడం, ఒళ్ళు వేడెక్కడమో చలెయ్యడమో, తిమ్మిర్లు, చుట్టూ ఉన్నది నిజం కాదనిపించడం, పిచ్చెక్కుతోందన్న భయం, చచ్చిపోతున్నానన్న భయం. నాలుగు చాలు. అంటే ఇద్దరిలో ఒక్క లక్షణం కూడా కలవకుండా ఇద్దరివీ పానిక్ ఎటాక్సే కావచ్చు. మీరడిగిన తేడాకి మొదటి జవాబు ఇదే.

రెండో జవాబు ఇంటివాళ్ళకి మరీ ముఖ్యం. పెద్దామె భయం "చచ్చిపోతాను" అని. చచ్చిపోతాననుకున్న మనిషి కేకేస్తుంది, పక్కవాళ్ళని పట్టుకుంటుంది. చిన్నామె భయం "నాకు పిచ్చెక్కుతోంది" అని. పిచ్చెక్కుతోందనుకున్న మనిషి దాస్తుంది, అందులోనూ ఒళ్ళో పసిబిడ్డ ఉన్నప్పుడు. మాట బయటికొస్తే బిడ్డని తన దగ్గర ఉంచరేమోనని కూడా భయం ఉంటుంది. పైకి కనపడే గోల ఏ రకం భయమో చెబుతుంది, ఎంత భయమో చెప్పదు. అత్తగారు పొరబడుతున్నది ఇక్కడే.

పెద్దామె వేళ్ళ సంగతి. భయంలో వేగంగా, లోతుగా ఊపిరి తీస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పడిపోతుంది. దాంతో రక్తంలో క్షారగుణం పెరిగి, స్వేచ్ఛగా ఉండే కాల్షియం తగ్గుతుంది. నరాలు చిరాకెత్తి మూతి చుట్టూ, వేళ్ళ చివర్లలో తిమ్మిరి పుడుతుంది, బొటనవేలు అరచేతిలోకి లాగేస్తుంది, మిగతా వేళ్ళు చాచుకుని కొసలు దగ్గరికొస్తాయి. మెదడు రక్తనాళాలు కాస్త బిగుసుకుని కళ్ళు తిరుగుతాయి. ఫిట్స్‌లో అయితే సాధారణంగా స్పృహ పోతుంది, నాలుక కొరుక్కోవచ్చు, బట్టల్లో మూత్రం పోవచ్చు, తర్వాత చాలాసేపు మగతగా ఉంటారు. ఈమె మీ మాట వింటుంది, తడబడుతూనైనా జవాబిస్తుంది. తాళాలగుత్తి ఫిట్స్‌కీ పనిచేయదు, దీనికీ పనిచేయదు. ఇనుము పెట్టినందుకు కాకుండా, అలిసిపోయి ఊపిరి నెమ్మదించినందుకు వేళ్ళు విడతాయి.

సెలైన్ కథా అంతే. ఎటాక్ 10 నిమిషాల్లోపు శిఖరానికి చేరి, చాలావరకు అరగంటలోపు దానంతటదే దిగుతుంది. అరలీటరు సీసా పూర్తవడానికి గంట పడుతుంది. తగ్గినదాని పేరు సీసాకి వెళ్ళింది. ఈనో, జెలుసిల్, సోడా కూడా ఇలాగే పేరు తెచ్చుకున్నాయి. పైగా నోటితో రొప్పేటప్పుడు గాలి మింగేస్తారు, అది తేన్పుగా వస్తుంది, "చూశావా, గ్యాసే" అంటారు. నష్టం ఏమిటంటే, సీసా లేకపోతే బతకనని ఆమె నమ్మడం మొదలెడుతుంది, తర్వాతి ఎటాక్ ఆ నమ్మకంలోనే పుడుతుంది.

అత్తగారికి చెప్పడానికి లంకవాళ్ళకి తెలిసిన పోలికే వాడండి. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 17.75 అడుగులకి చేరితే మూడో ప్రమాద హెచ్చరిక ఇస్తారు. ఏడెనిమిది అడుగులుండగానే పొరపాటున ఆ హెచ్చరిక వచ్చిందనుకోండి. ఏట్లో వరద లేదు, ఊళ్ళో పరుగు మాత్రం నిజం. ఒకింటివాళ్ళు గొడ్లు విప్పి కేకలేస్తారు, ఇంకో ఇంట్లో మనిషి ట్రంకుపెట్టె పట్టుకుని గుమ్మంలో కొయ్యబారిపోతుంది. కేకలేసినావిడకే వరద భయముంది, కొయ్యబారినావిడకి లేదని ఎవరూ అనరు కదా.

కొబ్బరాకు

ఆశా కార్యకర్తలకి ట్రైనింగ్ ఇచ్చే పనిలో ఉన్నాను. మన వైపు "పానిక్ ఎటాక్ వచ్చిందా" అని అడిగితే లేదనే అంటారు. "గాబరా, గుండె జారిపోయినట్టు, ఊపిరి చాలనట్టు, కాళ్ళల్లో సత్తువ పోయినట్టు, తల తేలిపోయినట్టు" అని అడగాలి. చిన్న కోడలి లాంటివాళ్ళని "మనుషులు అద్దం అవతల ఉన్నట్టు, గొంతులు దూరం నుంచి వినిపిస్తున్నట్టు ఉంటోందా" అని అడిగితే, తమకొక్కరికే ఇలా ఉందనుకున్నవాళ్ళు అప్పుడు నోరు విప్పుతారు.

ఎటాక్ వచ్చినప్పుడు చేయాల్సినవి ఇద్దరికీ ఒకటే కాదు, ఇది గట్టిగా చెప్పండి. ఇద్దరికీ కలిసేది ఇంతే: ఒక్కరే దగ్గరుండాలి, మిగతావాళ్ళు అవతలికి పోవాలి, గడియారం చూసి మొదలైన టైము గుర్తుంచుకోవాలి. "ఏం లేదు, ఊరికే" అనకూడదు. లోపల అంత జరుగుతుంటే ఏం లేదన్నవాళ్ళ మాట ఆపైన వినబుద్ధి కాదు. "ఇది ఇంతకుముందు వచ్చినదే. దిగిపోతుంది. నేనిక్కడే ఉన్నాను." ఇంతే, మూడు పొట్టి మాటలు, తగ్గు గొంతుతో.

పెద్దామె దగ్గర అయితే మూతి మూసి ముక్కుతో ఊపిరి తీయించాలి, నాలుగు లెక్కకి లోపలికి, ఆరు లెక్కకి బయటికి. లోపలికి ఎక్కువ పీల్చమనకండి, రొప్పు పెరుగుతుంది. బయటికి వదలడమే నెమ్మది కావాలి. కాగితం సంచీ, పాలిథిన్ కవరు మూతికి పెట్టడం మానిపించండి. అది ఆస్తమానో గుండెపోటో అయితే ఉన్న ఆక్సిజన్ కూడా తగ్గిపోతుంది.

చిన్నామెకి ఊపిరి లెక్క వద్దు. కళ్ళు మూసుకోమనీ అనొద్దు, కల లాంటి స్థితి ముదురుతుంది. పొయ్యి దగ్గరుంటే ముందు మంట ఆపాలి. చేతులు కుళాయి కింద పెట్టించండి, చెప్పుల్లేకుండా నేల మీద పాదాలు గట్టిగా అదిమించండి, కనపడే అయిదు వస్తువుల పేర్లు చెప్పించండి. పలకకపోయినా వింటుంది, మాట ఆపకండి. చంకలో బిడ్డ ఉంటే "ఇలా ఇవ్వమ్మా, నువ్వు తేరుకున్నాక ఇస్తాను" అని తీసుకోవాలి. లాక్కోకూడదు.

మనసు_కాకినాడ

కొబ్బరాకు గారితో ఏకీభవిస్తూనే ఒక్క సవరణ. ఊపిరి లెక్క పెద్దామెకి కూడా మొదటి కొన్ని వారాలకే. తర్వాత కూడా ప్రతిసారీ లెక్కపెడితే "లెక్కపెట్టబట్టి బతికాను" అనే నమ్మకం స్థిరపడుతుంది. సెలైన్ సీసాకి బదులు ఇంకొకటి దొరికినట్టవుతుంది. చివరికి ఏమీ చేయకుండా కూర్చున్నా దిగుతుందని ఆమే చూడాలి.

ఏటిగట్టు

మామగారిని నిన్ననే అమలాపురం పంపించాం. ఈసీజీలో మార్పులున్నాయని కాకినాడ రాశారు, అక్కడ చేర్చుకున్నారు. డాక్టర్ గారికి కృతజ్ఞతలు. చిన్నామె టీఎస్‌హెచ్ మామూలుగానే వచ్చింది, పెద్దామెకి హిమోగ్లోబిన్ 8.6.

ఇంకో రెండు సందేహాలు. పెద్ద కోడల్ని ఆరు నెలలుగా ఒంటరిగా వదలడం లేదు. స్నానానికి వెళ్ళినా తలుపు బయట ఒకరుంటారు. ప్రేమతోనే చేస్తున్నారు. మానమంటే ఎలా? చిన్నామెని పంటెక్కించడం ఎలా?

మనసు_కాకినాడ

8.6కి ముందు ఐరన్ మొదలుపెట్టించండి. రక్తం తక్కువైతే మెట్లెక్కినా గుండె వేగం పెరుగుతుంది, ఆ వేగాన్నే ఆమె ఎటాక్ అనుకుంటుంది.

కాపలా ఒక్కరోజులో తీసేయకూడదు. ఈ వారం తలుపు బయట నుంచి వరండాకి, వచ్చే వారం పెరట్లోకి, ఆపై వారం పక్కింటికి. ఎప్పుడు ఎంత దూరం అన్నది ఆమెతో ముందే మాట్లాడుకోవాలి. చెప్పకుండా మాయమైపోతే నమ్మకం పోతుంది. పదే పదే "బానే ఉన్నావా" అని అడగడం కూడా కాపలాయే. రోజుకి ఎన్నిసార్లు అడుగుతున్నారో ఒకరోజు లెక్కపెట్టమనండి, ఆ సంఖ్యని వారానికి సగం చేయమనండి.

దడ, రొప్పు లాంటి ఒంటి లక్షణాలంటే ఉన్న భయం పోగొట్టే అభ్యాసాలుంటాయి. పెద్దామెకి: ఉన్నచోటే ఒక నిమిషం పరుగు, ముక్కు మూసుకుని సన్నటి స్ట్రాతో ఒక నిమిషం ఊపిరి. చిన్నామెకి ఇవి పెద్దగా పనికిరావు. తన అరచేతిని కదలకుండా 3 నిమిషాలు చూడటం, అద్దంలో తన మొహాన్ని 2 నిమిషాలు చూడటం చేయిస్తే ఆ కల లాంటి స్థితి కావాలనే కొద్దిగా తెచ్చుకోవచ్చు. తెచ్చుకున్నది పోతుందని కళ్ళారా చూస్తుంది. రోజుకి ఒకటి, వరసగా నాలుగైదుసార్లు, భయం 100కి ఎంతో ప్రతిసారీ కాగితం మీద వేయించండి. గుండెజబ్బు, ఆస్తమా, ఫిట్స్, గర్భం ఉన్నవాళ్ళకి డాక్టరు చెప్పకుండా ఇవి చేయించకూడదు. పెద్దామె రక్తం పెరిగాకే మొదలుపెట్టండి.

ఇక పంటు. బస్సయితే మధ్యలో దిగిపోవచ్చు, పంటు మధ్యలో దిగలేం. అందుకే అది చివరి మెట్టు. మొదట రేవులో 20 నిమిషాలు కూర్చోవాలి. తర్వాత కట్టేసి ఉన్న పంటెక్కి దిగాలి. ఆ తర్వాత భర్త చెయ్యి పట్టుకుని నరసాపురం వైపు వెళ్ళి వెంటనే తిరుగు పంటులో రావాలి. ఆపైన భర్త పంటుకి అటు చివర, ఆమె ఇటు చివర. చివరికి భర్త ఒడ్డునే ఉండాలి. భయం సగానికి పడేదాకా ఒక మెట్టు మీదే ఉండాలి, వారానికి కనీసం మూడుసార్లు. భయం శిఖరంలో ఉండగా వెనక్కి తెస్తే మాత్రం, పారిపోయి బతికానని ఒళ్ళు నేర్చుకుంటుంది. చించినాడ వంతెన మీదుగా కారులో తీసుకెళ్ళిపోదామని ఇంటివాళ్ళు అంటారు. వెళ్ళాల్సిన పని పడితే వెళ్ళొచ్చు, అది సాధన కింద లెక్కకి రాదు.

ఈ పద్ధతి తెలిసిన సైకాలజిస్టు దగ్గర మామూలుగా వారానికొకటి చొప్పున 8 నుంచి 12 సిట్టింగులు పడతాయి. కాకినాడ జీజీహెచ్‌లో (ప్రభుత్వ పెద్దాసుపత్రి) మానసిక వైద్య విభాగముంది. అంత దూరం వెళ్ళలేని రోజున టెలిమానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) 14416కి చేయండి, తెలుగులోనే మాట్లాడతారు, రాత్రయినా పలుకుతారు. చిన్నామెని రెండు ప్రశ్నలు విడిగా అడగండి: బిడ్డ నిద్రపోతున్నప్పుడు కూడా నిద్ర పట్టడం లేదా, బతకాలని లేదా? అవునంటే ఈ అభ్యాసాలు పక్కనపెట్టి ఆ వారమే డాక్టరు దగ్గరికి.

మందులకొట్టు_పాలకొల్లు

మందుల్లో ఎక్కువ తేడా జరిగేది మూడు చోట్ల.

మొదటిది, పానిక్‌కి రోజూ వాడే ఎస్సిటాలోప్రామ్, సెర్ట్రాలిన్ లాంటివి. డాక్టర్లు తక్కువ డోసుతో మొదలెడతారు, ఎస్సిటాలోప్రామ్ 5 మి.గ్రా., సెర్ట్రాలిన్ 25 మి.గ్రా. పానిక్ ఉన్నవాళ్ళకి మొదటి వారం పది రోజులు దడ, వికారం కాస్త పెరగొచ్చు. మందు పడలేదని నాలుగో రోజుకే మానేసి వస్తారు. గుణం తెలియడానికి 2 నుంచి 4 వారాలు, పూర్తిగా తెలియడానికి రెండు మూడు నెలలు పడుతుంది. తగ్గాక కూడా సాధారణంగా ఆరు నెలల నుంచి ఏడాది దాకా వాడిస్తారు. మానేటప్పుడు మెట్లు మెట్లుగా తగ్గించాలి. పాలిచ్చే తల్లికి డాక్టర్లు తరచుగా సెర్ట్రాలిన్ ఎంచుకుంటారు. పాలు మాన్పించాలని ఇంటివాళ్ళే తీర్మానించేయకండి.

గాబరా తగ్గించే మత్తు మాత్ర ఆల్‌ప్రాజోలమ్ రెండోది. ఒకరికి రాసిన మాత్ర తోడికోడలికి సగం విరిచి ఇవ్వడం ఇళ్ళల్లో మామూలైపోయింది. ఇది హెచ్1 జాబితాలో ఉంది, చీటీ లేకుండా అమ్మకూడదు, అమ్మిన ప్రతిదీ రిజిస్టరులో రాసి మూడేళ్ళు ఉంచాలి. నాలుక కింద పెట్టుకున్నది పనిచేసే లోపే ఎటాక్ చాలావరకు దిగిపోతుంది, పేరు మాత్రకి పోతుంది. నెలల తరబడి రోజూ వాడినవాళ్ళు హఠాత్తుగా ఆపితే నిజంగానే ఫిట్స్ రావచ్చు.

మూడోది గుండె వేగం తగ్గించే ప్రొప్రనలాల్. దడకి మంచిదని పక్కింటివాళ్ళ చీటీ పట్టుకొస్తారు. ఆస్తమా ఉన్నవాళ్ళకి ఊపిరితిత్తులు బిగుసుకుపోతాయి. ఈ ఇంటి మామగారి లాంటి షుగరు మనిషికి షుగరు పడిపోయినప్పుడు వచ్చే దడ, వణుకు కనపడనివ్వదు, గుర్తుపట్టడం ఆలస్యమవుతుంది.

ఏటిగట్టు

ఇద్దరికీ రెండు వేరు కాగితాలు రాశాను, ఎటాక్ వస్తే ఎవరు దగ్గరుండాలి, ఏం చెయ్యాలి, ఏం అనకూడదు అని. వరద హెచ్చరిక పోలిక చెప్పాక అత్తగారు కాసేపు మాట్లాడలేదు. తర్వాత "అయితే దీనికి ఎప్పట్నుంచి వస్తోంది" అని చిన్న కోడల్నే అడిగారు. కాగితాలు వంటింట్లో క్యాలెండరు పక్కన అంటించమన్నాను.

కొబ్బరాకు

అంటించకండి. పాలకొచ్చినవాళ్ళు, పనికొచ్చినవాళ్ళు చదువుతారు, చిన్నామె ఇంకా దాస్తుంది. మీరు రాసింది పక్కన పెట్టి, ఆమె బాగున్న రోజున ఆమె చేతే రాయించండి. ఎవరు దగ్గరుంటే నయం, ఒంటి మీద చెయ్యి వేయొచ్చా, బిడ్డని ఎవరికివ్వాలి, ఎన్ని నిమిషాలు దాటితే మీకు ఫోన్ చేయాలి. ఆమెకి దగ్గరుండాల్సింది భర్త కాకపోవచ్చు, తోడికోడలే కావచ్చు. భర్త ఫోన్లో ఒక ఫొటో, అత్తగారి ఫోన్లో ఒక ఫొటో ఉంటే చాలు. నెలకోసారి మార్పులుంటే ఆమే తిరగరాస్తుంది.